జల్లెడ నేత

మహానంది కోనేట్లోకి తొంగిచూస్తే అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా స్పష్టంగా కనబడుతుంది. నల్లమల ఊట ఎడతెగకుండా వస్తున్నా నీటిమట్టం పెరగదు, తరగదు. వచ్చిన నీరు వచ్చినట్టే తూముల్లోంచి పొలాలకు పోతుంది. మన కిడ్నీలు చేసే పనీ ఇదే.

ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లనే వడపోత గొట్టాలు సుమారు 10 లక్షలుంటాయి. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడకడతాయి. శరీరానికి కావలసిన ఉప్పు, చక్కెర, నీరు ఏరి వెనక్కి పంపి, చివరకు లీటరున్నరే మూత్రంగా వదులుతాయి.

అసలు పనితనం నెఫ్రాన్ మొదట్లో ఉండే జల్లెడలో ఉంది. దాని పొర మందం తల వెంట్రుకలో వందో వంతు కూడా ఉండదు. మూడు రకాల కొలాజెన్ పోగులు పెనవేసుకుని ఆ పొరకు బలమిస్తాయి. దాని మీద పాదాల్లాంటి కొసలున్న కణాలు ఒకదాని సందులో ఒకటి దూరి కూర్చుంటాయి. నీరు, యూరియా జారిపోతాయి. రక్తకణాలు, ఆల్బుమిన్ అనే ప్రోటీను దాటలేవు.

ఆ మూడింటిలో ఒక్క పోగుకు జన్యులోపముంటే పొర చీలికలవుతుంది. అదే ఆల్పోర్ట్ సిండ్రోమ్. 1927లో సెసిల్ ఆల్పోర్ట్ దీన్ని వివరించారు. మూత్రంలో రక్తం, క్రమంగా చెవుడు దీని ఆనవాళ్లు. లోపం ఎక్కువగా ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కనుక మగపిల్లల్లో తీవ్రంగా కనిపిస్తుంది. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ లోపం వస్తేనే బయటపడే రకమూ ఉంది. మేనరికాల్లో దానికి అవకాశం ఎక్కువ. వంశంలో వచ్చే మరో జబ్బు, పెద్దల్లో కనిపించే పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బులో నెఫ్రాన్ గొట్టాలు ఉబ్బి నీటితిత్తులవుతాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం.

వంశంలో లేకపోయినా కిడ్నీ జబ్బు రావచ్చు. షుగరు, బీపీ ఎక్కువమందిలో కారణాలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ రెండూ లేని రైతుకూలీల కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయి. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. వారి కోసం 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

కొన్ని నెఫ్రాన్లు పాడైతే మిగిలినవి వాటి పనీ నెత్తిన వేసుకుంటాయి. అందుకే సగానికి పైగా శక్తి పోయినా మనిషికి ఏమీ తెలియదు. వడపోత వేగం నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తక్కువగా, లేదా మూత్రంలో ఆల్బుమిన్ ఎక్కువగా మూడు నెలలకు మించి ఉంటే అది దీర్ఘకాలిక జబ్బే. ఇంట్లో ఒకరికి డయాలసిస్ జరుగుతుంటే తోబుట్టువులూ పిల్లలూ బీపీ, క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుకోవాలి. డాక్టరు చెబితే స్కానింగూ తీయించుకోవాలి. పాడైన నెఫ్రాన్ మళ్లీ పుట్టదు. ఉన్నవాటిని కాపాడుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.