థియొడోర్ పార్కర్ ప్రసంగాలు: విశ్వాసమూ, న్యాయమూ

మతబోధకుని ప్రసంగాలతో అభ్యుదయ సాహిత్యానికి పనేమిటని ఒక విద్యార్థి నన్నడిగాడు. మతం మత్తుమందన్న నిర్ధారణ మనకు కంఠస్థమే. కాని ఒకే మతంలో ఆ మత్తు యెవరికి యెక్కింది, యెవరికి యెక్కలేదు, యెందుచేత? యీ ప్రశ్నకు థియొడోర్ పార్కర్ ప్రసంగాలలో మంచి సమాధానం దొరుకుతుందని నా అభిప్రాయం.

పార్కర్ (1810-1860) అమెరికాలోని బోస్టన్ నగరంలో యూనిటేరియన్ బోధకుడు. క్రైస్తవుల త్రిత్వాన్ని త్రోసిపుచ్చి, దేవుడొక్కడేనని చెప్పి, బుద్ధికీ అంతరాత్మకూ పెద్దపీట వేసిన శాఖ అది. మనకది బొత్తిగా పరాయిది కాదు. 1821లో కలకత్తాలో యేర్పడిన యూనిటేరియన్ సంఘంలో రామమోహనరాయ్ పాల్గొన్నాడు. 1828లో ఆయన ప్రారంభించిన బ్రహ్మసమాజపు ప్రభావం మన వీరేశలింగం దాకా వచ్చింది.

సిద్ధాంతాలు మారిపోయేవి, నీతి మాత్రమే నిలిచేదని 1841లో పార్కర్ ఒక ప్రసంగంలో వాదించాడు. బుద్ధిస్వేచ్ఛకు పేరుపొందిన శాఖలోని బోధకులే చాలామంది అతనికి తమ వేదికలు మూసివేశారు. అతడు నాటకశాలనే ప్రార్థనామందిరం చేసుకున్నాడు. 1852 నుంచి మ్యూజిక్ హాలులో ఆదివారం నాడు అతని ప్రసంగానికి రెండువేలకు పైగా జనం వచ్చేవారు.

1846లో అతడు వర్తకులను గురించీ, బోస్టన్‌లో నశించిపోతున్న పేదలను గురించీ ప్రసంగించాడు. మరుసటి యేడు నేరస్థులను గురించి. పాపాన్ని వ్యక్తి గుండెలో మాత్రమే వెదకక, పేదరికంలోనూ సమాజంలోనూ దాని వేళ్లు చూపించాడు. గాయం మాన్పడమంటే అతని దృష్టిలో జోలపాట కాదు; గాయం చేసిందెవరో చెప్పడం.

యీ దృష్టికి అసలు పరీక్ష 1850లో వచ్చింది. పారిపోయిన బానిసలను స్వేచ్ఛారాష్ట్రాల నుంచి కూడా పట్టి యజమానులకు అప్పగించాలని ఆ యేడు చట్టమైంది. పట్టుబడినవాడి సాక్ష్యం చెల్లదు. యజమానికి అనుకూలంగా తీర్పు చెప్పిన అధికారికి 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు. పారిపోయినవారికి అడ్డుగా నిలిచినవారికి 6 నెలల వరకూ జైలు, 1000 డాలర్ల వరకూ జరిమానా.

యీ చట్టం మీద సంతకం పెట్టిన అధ్యక్షుడు ఫిల్‌మోర్ కూడా యూనిటేరియనే! చట్టానికి లోబడవలసిందేనని చెప్పిన బోధకులూ ఆ శాఖలో వున్నారు. పార్కర్ తన సంఘానికి చెందిన ఎలెన్ క్రాఫ్ట్ అనే స్త్రీని యింట దాచాడు. ఆ సంగతి దాచకుండా ఫిల్‌మోర్‌కే లేఖ వ్రాశాడు. ఆ రోజులలో గుండ్లు నింపిన పిస్తోలు దగ్గర పెట్టుకుని ప్రసంగాలు వ్రాశానని తానే చెప్పుకున్నాడు. దేవుడొకడే, విశ్వాసమొకటే, ఒకరిది సంతకం, మరొకరిది ధిక్కారం. కనుక విశ్వాసం తనంతట తానుగా యే పక్షమూ చెప్పదు. యెవరి బాధ వినేచోట నిలబడ్డామన్నదే దాని పక్షాన్ని నిర్ణయిస్తుంది.

1854లో ఆంథొనీ బర్న్స్‌ను బోస్టన్ వీధులలో సైన్యం నడుమ నడిపించి తిరిగి బానిసత్వానికి పంపారు. ఆ వెంటనే వచ్చిన ఆదివారం నగరమంతా దుఃఖంలో వున్నది. ఓదార్చడానికి అంతకంటె అదను యేముంటుంది? పార్కర్ ఓదార్చలేదు. తీర్పు చెప్పిన లోరింగ్‌ను పేరుపెట్టి నిందించాడు. తరువాత అతని మీద నేరారోపణ జరిగింది. 1855లో అది కొట్టివేయబడింది.

అంతమాత్రాన పార్కర్‌ను ఆకాశానికెత్తడం విమర్శ కాదు. ఆంగ్లో-సాక్సన్ జాతి గొప్పదన్న అహంకారం అతని రచనలలో స్పష్టంగా వుంది. నల్లవారి పక్షాన పోరాడుతూనే వారిని తక్కువజాతిగా భావించాడు. ఆ భావాన్ని ఖండించే సాక్ష్యం అతని యింట్లోనే వుండింది! 1848లో ఎలెన్ తెల్లదొర వేషం వేసి, భర్త విలియంను తన బానిసగా చూపించి, జార్జియా నుంచి రైలులోనూ ఓడలోనూ తప్పించుకుని వచ్చింది. ఆ సాహసాన్ని క్రాఫ్ట్ దంపతులు 1860లో పుస్తకంగా ప్రకటించారు. పార్కర్ ప్రసంగాలు చదివేవారు ఆ పుస్తకాన్ని పక్కన పెట్టుకుని చదవాలి. ప్రసంగంలో జాలికి పాత్రమైన మనిషి అక్కడ చరిత్రకు కర్త.

1853లో అచ్చయిన సంపుటంలో, న్యాయం వైపు వంగే దీర్ఘమైన వంపును గురించి పార్కర్ ఒక ఉపమానం చెప్పాడు. 1965 మార్చి 25న మాంట్‌గొమరీలో మార్టిన్ లూథర్ కింగ్ దానినే తిరిగి పలికాడు. అప్పటికి రెండు వారాల క్రితమే, సెల్మాలో దెబ్బలు తిన్న జేమ్స్ రీబ్ అనే యూనిటేరియన్ బోధకుడు మరణించాడు. అంతకు ముందు ఫిబ్రవరిలో జిమీ లీ జాక్సన్ అనే నల్లజాతి యువకుడు పోలీసు కాల్పులకు బలి అయ్యాడు. ఆ వంపు దానంతటదే వంగలేదు. యిటువంటి మనుషుల బరువుకు వంగింది. పార్కర్ ఆశావాదంలో నేను సరిదిద్దవలసిన మాట యిదొక్కటే.

విశ్వాసం లేని మనం కూడా సభలలో ధర్మపన్నాలు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, యింటికి పోయిన రోజులున్నాయి. మన మాట విన్న తరువాత యెవరి తలుపు యెవరికోసం తెరుచుకున్నది? నన్నడిగిన విద్యార్థికి నేను యిచ్చే జవాబు యీ ప్రశ్నే. పార్కర్‌కు పెట్టిన పరీక్ష మనకూ పెట్టుకోవాలి.