లిల్లీ అంటే ఏ పువ్వండీ?

ఈమధ్య ఒక అనువాద నవల చదివాను. అనువాదకుడి పేరు చెప్పను. ఆయన తెలుగు మంచి తెలుగే. కథలో ఇంగ్లండు పల్లెలో ఒక ముసలమ్మ పోతుంది. చర్చిలో శవపేటిక చుట్టూ కలువలు పెడతారు. సరే, పెట్టారనుకుందాం. వంద పేజీలు పోయాక ఆవిడ పెరట్లో, పొడినేలలో, మనిషి భుజందాకా లేచిన కాడ మీద మళ్ళీ కలువే పూస్తుంది! మూలం తిరగేస్తే రెండు చోట్లా ఉన్న మాట లిల్లీ.

ఆయన ఒక్కణ్ణీ అని లాభం లేదు. తెలుగులో లిల్లీ అన్న మాట ఒక గోనెసంచి. ఏ పువ్వైనా అందులో పడుతుంది. పూలకొట్లో లిల్లీ అడిగితే నేలసంపెంగలు తూచి ఇస్తారు. దాని పుట్టిల్లు మెక్సికో, చుట్టరికం కిత్తనారతో. అయినా ఆ బజారు మాటను నేను తప్పుపట్టను. పెళ్ళిదండలో లిల్లీలున్నాయని కథకుడు రాస్తే పాఠకుడికి సరైన పువ్వే కళ్ళకి కడుతుంది, వాసనతో సహా. చిక్కంతా పరదేశపు లిల్లీతోనే.

అసలు లిల్లీని పోల్చుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. గడ్డకి ఉల్లిలాగా ఎండుపొర ఉండదు. కండపట్టిన పొలుసులు ఒకదానిమీదొకటి పేర్చినట్టుంటాయి. కాడ పొడుగునా ఆకులుంటాయి. రేకులు ఆరు, కేసరాలు ఆరు. లెక్క సరిపోయింది కదా అని ఇక్కడే ఆగితే మోసపోతాం. పార్కుల్లో సన్నరేకులతో తెల్లగా గుత్తిగా పూసే విషముంగలికీ ఆరే. వాన పడగానే తలెత్తే గులాబీరంగు రెయిన్ లిల్లీకీ ఆరే. కుండీల్లో ఎర్రటి బూరల్లా పూసేదానికీ ఆరే. అందుకని పువ్వును తిరగేసి చూడాలి. కాయ కాబోయే బుడిపె రేకుల కింద, కాడ కొసన ఉబ్బి కనిపిస్తే అది లిల్లీ కాదు, అమరిల్లిస్ కుటుంబం. రేకుల లోపల, కేసరాల నడుమ ఉంటే లిల్లీ కావచ్చు. కావచ్చు అనే ఎందుకన్నానంటే నక్కవుల్లికీ బుడిపె లోపలే ఉంటుంది. ఆకు లేకుండా ఉత్తకాడ మీద చిన్నచిన్న పూలు పూసే దాన్ని ఎవరూ లిల్లీ అనరు లెండి. ఇక కలువ సంగతి అడగనే వద్దు. దానికి రేకులు బోలెడు, దుంప బురదలో, లిల్లీతో చుట్టరికం లేదు. దక్షిణాదిన అడవిలో పుట్టిన అసలు లిల్లీని చూడాలంటే నీలగిరులో పళని కొండలో ఎక్కాలి.

మన పాత అనువాదకుల్లో తెలివైనవాళ్ళు లేకపోలేదు. మత్తయి సువార్తలో ఇంగ్లీషువారు లిల్లీ అన్నచోట తెలుగు బైబిలు అడవిపువ్వులు అంది. ఆ గ్రీకు మాట ఏ పువ్వుదో పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. తేలనిదాన్ని తేలనట్టే ఉంచడం గొప్ప విద్యండీ! పరమగీతం దగ్గరికొచ్చేసరికి మాత్రం లోయలో పద్మం పూసింది. కావ్యాల అలవాటు చెయ్యి పట్టుకు లాగినట్టుంది.

వీటివల్ల ప్రాణనష్టం లేదు కనక నవ్వి ఊరుకోవచ్చు. ఇంకొకటుంది, దానికి నవ్వు రాదు. ఒక తెలుగు కథలో పిల్లలు చేను గట్టున గ్లోరీ లిల్లీ తీగ చూసి ముచ్చటపడి, దుంపలు తవ్వి ఆడుకుంటారు. నిప్పుసెగల్లా పైకి లేచిన అలల రేకులు, పసుపు ఎరుపుకి తిరగడం, ఆకు కొస నులితీగై కంచెను చుట్టుకోవడం, అన్నీ చక్కగా రాశారు. కళ్ళారా చూసే రాసి ఉంటారు. కానీ మనవాళ్ళు దాన్ని అడవినాభి అన్నారు. నాభి అంటే విషం. ఆ దుంపలో ఉన్న కోల్చిసిన్‌ని డాక్టర్లు కీళ్ళవాపుకి కొలిచి కొలిచి ఇస్తారు. దుంపనే చిలగడదుంప అనుకుని తిని చచ్చిపోయినవాళ్ళున్నారు. ఊళ్ళో ముసలివాళ్ళు ఆ పేరుతోనే పిల్లల చేతిలోది లాగి పారేసేవారు. కథలో ఆ పేరు పోయి లిల్లీ వచ్చింది. దుంపలు పిల్లల చేతుల్లోనే ఉండిపోయాయి. కథ పుస్తకంగా వచ్చేటప్పుడైనా రచయిత్రిగారు ఆ ఒక్క మాట మారిస్తే బాగుండును.