పలుచన అంటే ఎంత?

తెలుగులో పలుచన అన్న మాట రెండు పనులు చేస్తుంది. మజ్జిగలో నీళ్లు పోసి పలుచన చేస్తాం. మనిషిని తీసిపారేసినట్టు మాట్లాడితే పలుచన చేశాడంటాం. ఇనుముకి జింకు పూత పూసే గాల్వనైజింగ్ షెడ్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కి ఈ రెండూ వరసగా జరుగుతాయి: ముందు నీళ్లు కలిపి పలుచన చేస్తారు, ఆ తర్వాత పలుచనగా చూస్తారు. నీలం డ్రమ్ము మీద మార్కరుతో ‘డైల్యూట్’ అని రాసి ఉంటుంది. ఎంత డైల్యూట్? 5 శాతమా, 18 శాతమా, 28 శాతమా? డ్రమ్ము చెప్పదు. కొట్లో లీటరు సీసా యాసిడ్ అమ్మాలంటే కొన్నవాళ్ల గుర్తింపు కార్డు చూసి, పేరూ చిరునామా రిజిస్టరులో రాయాలని 2013లో యాసిడ్ దాడుల మీద వచ్చిన లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు వందల లీటర్ల డ్రమ్ముకి మాత్రం ఒక అంకె రాసే దిక్కు లేదు. అందుకే ఈ వారం ఒక్క మాట మీద నిలబడి వాదిస్తాను. చిన్న షెడ్డు తన గేటు లోపలికి 20 శాతం దాటిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ని రానివ్వకూడదు. ఎంత పలుచనో కొనుగోలు కాగితం మీదే తేలాలి, తొట్టి గట్టు మీద మగ్గుతో కాదు.

ఈ యాసిడ్‌తో షెడ్డుకి పనేమిటో ముందు చెప్పాలి. మిల్లు నుంచి వచ్చిన ఇనుప యాంగిల్, పైపు, తీగ మీద నల్లటి పొలుసు ఉంటుంది. ఎర్రగా కాలిన ఇనుముకి గాలి తగిలి కట్టిన పొర అది. వానకి తడిస్తే దానిమీద తుప్పు కూడా చేరుతుంది. ఆ పొలుసు ఊడకపోతే కరిగిన జింకు ఇనుముని పట్టుకోదు. సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఈ పని చెయ్యాలంటే తొట్టిని 60, 70 డిగ్రీలకు కాచాలి. హైడ్రోక్లోరిక్‌కి ఆ అవసరం లేదు, మామూలు గది వేడిలోనే పొలుసుని ఊడదీస్తుంది. బాయిలర్, బొగ్గు ఖర్చు లేదు కాబట్టే చిన్న షెడ్లన్నీ దీనివైపు మొగ్గాయి. కొత్త తొట్టిని సాధారణంగా 12 నుంచి 15 శాతం దగ్గర మొదలుపెడతారు. మార్కెట్లో దొరికే సరుకు మాత్రం 30 నుంచి 33 శాతం. అంటే పనికి కావలసినదానికి రెట్టింపు ఘాటున్న ద్రవాన్ని తెచ్చి, నిలవ చేసి, మోసి, ఒంపి, చివరికి సగం నీళ్లు కలుపుతున్నాం. ప్రమాదమంతా ఈ మధ్య దారిలోనే ఉంది.

మరి 20 దగ్గరే గీత ఎందుకు? ఆ గీత నేను గీసింది కాదు. పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ని మరిగిస్తే ముందు ఎక్కువగా నీరే ఆవిరై పోతుంది, మిగిలింది చిక్కబడుతుంది. చిక్కటిదాన్ని మరిగిస్తే ముందు వాయువు లేచిపోతుంది, మిగిలింది పలుచనవుతుంది. రెండూ వచ్చి ఆగేది ఒక్కచోటే, సుమారు 20 శాతం దగ్గర. అక్కడ 109 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా నీరూ యాసిడూ అదే పాళ్లలో కలిసి లేస్తాయి. మరిగించకపోయినా ఆ గుణం పోదు. గీతకు కిందున్న యాసిడ్ తన వాయువుని నీటిలో గట్టిగా పట్టుకుంటుంది, పైనున్నది వదిలేయడానికి చూస్తుంటుంది. 20 డిగ్రీల వేడిలో 30 శాతం యాసిడ్ మీద హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరి ఒత్తిడి 20 శాతం యాసిడ్ మీదకంటే దాదాపు యాభై రెట్లు. ఘాటు ఒకటిన్నర రెట్లు పెరిగితే పొగ యాభై రెట్లు పెరిగిందన్నమాట. మూత తియ్యగానే తెల్లగా పొగలు కక్కే డ్రమ్ముకీ, ముక్కుకి కాస్త పులుపు తగిలించి ఊరుకునే డ్రమ్ముకీ తేడా ఇదే. అదే 20 నుంచి 10కి దిగితే పొగ ఇంకో ఇరవై రెట్లకు పైగా తగ్గుతుంది.

దీనికి మన ఎండలు తోడు. అదే 20 శాతం యాసిడ్ 20 డిగ్రీల దగ్గర వదిలే ఆవిరికి ఐదు రెట్లు 40 డిగ్రీల దగ్గర వదులుతుంది. చలిదేశాల చేతిపుస్తకంలో ఫర్వాలేదన్న అంకె జీడిమెట్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో మే నెల మధ్యాహ్నం, రేకుల కప్పు కింద ఫర్వాలేదనిపించుకోదు. పనిచేసేచోట గాలిలో హైడ్రోజన్ క్లోరైడ్ ఏ క్షణంలోనూ పది లక్షల పాళ్లకు 5 పాళ్లు దాటకూడదన్నది చాలాకాలంగా ఉన్న హద్దు. దాన్ని కొలిచే పరికరం చిన్న షెడ్డులో ఉండదు గాని, కొలిచి చూపించే వస్తువు ఒకటి నెత్తిమీదే ఉంటుంది. యాసిడ్ తొట్టి పైనున్న రేకుల్ని లోపలి వైపు నుంచి చూడండి. తుప్పు పట్టకుండా ఊరందరి ఇనుముకీ జింకు పూత పూసే షెడ్డులో జింకు పూత రేకులే జల్లెడవుతుంటాయి. రేకుకి పట్టిన గతి దాని కింద నిలబడినవాడి పళ్ల ఎనామిల్‌కీ పడుతుంది, గొంతుకీ పడుతుంది.

దీనికి యజమానులు చెప్పే మొదటి అభ్యంతరం డబ్బు. ‘నీళ్లని లారీలో మోయించమంటారా?’ అని అడుగుతారు. లెక్క న్యాయమైనదే. టన్ను 33 శాతం యాసిడ్‌ని 18 శాతానికి దించాలంటే 830 కిలోల పైచిలుకు నీరు కలపాలి. కిరాయి ఇంచుమించు రెట్టింపవుతుంది. కొవ్వూరు, సగ్గొండ, కర్నూలు లాంటి చోట్ల ఉన్న క్లోర్-ఆల్కలీ కర్మాగారాల నుంచి వందల కిలోమీటర్లు నీళ్లు మోయించమని నేనూ అనను. ట్యాంకరు ఎలాగూ పారిశ్రామికవాడలోని డీలరు దగ్గరికి చిక్కటి సరుకుగానే వస్తుంది. అక్కడ మూసిన ఫైబర్‌గ్లాస్ ట్యాంకు, పొగని నీటితో కడిగే స్క్రబ్బరు, కొలత ఉన్న పంపు పెట్టి ఒక్కచోట పలుచన చేస్తే, ఆ నాలుగు వీధుల్లోని ఇరవై షెడ్లలో ఇరవై మంది మగ్గులు పట్టుకునే పని తప్పుతుంది. అదనపు నీరు ప్రయాణించేది ఆ నాలుగు వీధులే. డీలరు లేని దూరపు షెడ్డు తనే ఆ ఏర్పాటు చేసుకోవాలి. అప్పుడైనా ముందు నీళ్లు, ఆ నీళ్లలోకి యాసిడ్, అదీ పంపుతోనే. తిరగేసి పోస్తే సల్ఫ్యూరిక్ అంత భయంకరంగా ఎగదన్నదు గాని, వేడి పుట్టి ఒక్కసారిగా పొగ లేస్తుంది. ఎగదన్నేది సల్ఫ్యూరిక్కే కదా అన్న ధీమాతోనే దీన్ని ముఖానికి దగ్గరగా ఒంపుతారు.

రెండో అభ్యంతరం పని తెలిసినవాళ్లది, అందుకని బరువైనది. తొట్టి వాడేకొద్దీ యాసిడ్ ఖర్చవుతుంది, 15 నుంచి 6కో 5కో దిగుతుంది. మళ్లీ లేపాలంటే 33 శాతం సరుకు కొంచెం పోస్తే చాలు. 18 శాతం సరుకుతో లేపాలంటే తొట్టి పొంగిపోతుంది కదా? నిజమే. కాని దిగిపోయిన తొట్టికి అసలు యాసిడే కరువని ఎలా తెలిసింది? చాలా షెడ్లలో హైడ్రోమీటరు ఒక్కటే ఆధారం, అది ఇక్కడ నిలువునా మోసం చేస్తుంది. తాజా 15 శాతం యాసిడ్ సాంద్రత 1.07 దగ్గర ఉంటుంది. వాడుతున్నకొద్దీ యాసిడ్ తగ్గుతుంది, కరిగిన ఇనుము పెరుగుతుంది, ఆ ఇనుప క్లోరైడు బరువుకి అంకె పైకే పోతుంది. యాసిడ్ చచ్చిపోయిన ముసలి తొట్టిలో హైడ్రోమీటరు 1.2 దాటి చూపిస్తుంది. అంకెని మాత్రమే నమ్మేవాడు దాన్ని 33 శాతానికి పైన కట్టేస్తాడు. ఆ తొట్టికి కావలసింది ఒక పిపెట్టు, ఒక బ్యూరెట్టు, మిథైల్ ఆరెంజ్ చుక్కలు. తొట్టి నుంచి 5 మిల్లీలీటర్లు తీసి, కాసిని నీళ్లు కలిపి, 1 నార్మల్ కాస్టిక్ సోడా చుక్కచుక్కగా వదలాలి. 14 మిల్లీలీటర్ల దగ్గర ఎరుపు విరిగి పసుపైతే లీటరుకి 100 గ్రాముల యాసిడ్ ఉన్నట్టు, ఇంచుమించు 10 శాతం. ఫినాల్ఫ్తలీన్ పనికిరాదు, దాని రంగు మారేలోపే ఇనుము ఆకుపచ్చ బురదగా విడిపోయి లెక్క చెడగొడుతుంది. ఇంటర్ పిల్లలు ప్రాక్టికల్స్‌లో చేసే పనే ఇది.

ఇలా కొలిస్తే రెండో సంగతి కూడా బయటపడుతుంది. తొట్టి మందగించేది యాసిడ్ తగ్గినందుకే కాదు, లీటరుకి 100, 150 గ్రాముల ఇనుము నిండినందుకు కూడా. అందులో చిక్కటి యాసిడ్ పోస్తే రెండు రోజులు చురుకుదనం వచ్చినట్టుంటుంది గాని, యాసిడ్ చిక్కబడేకొద్దీ ఇనుప క్లోరైడుని కరిగించుకోగల శక్తి తగ్గుతుంది, ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పు నీళ్లు కడ్డీలకు అంటుకుని, కడుగుడు సరిగా లేకపోతే జింకు కళాయిదాకా పోతాయి. అక్కడ ఒక పాలు ఇనుము పాతిక పాళ్ల జింకుని పట్టుకుని డ్రాస్ అనే మడ్డిగా అడుగుకి దిగుతుంది. లీటరు యాసిడ్ ధరా, కిలో జింకు ధరా పక్కపక్కన రాసుకున్న యజమాని ముసలి తొట్టికి మందులు పోస్తూ కూర్చోడు, సగం తీసేసి కొత్తది పోస్తాడు. అప్పుడు 18 శాతం సరుకు పట్టడానికి తొట్టిలో చోటూ ఉంటుంది. తీసేసిన యాసిడ్‌లో జింకు కలవకపోతే ఇనుప క్లోరైడు చేసేవాళ్లు తీసుకుంటారు. పూత చెడిన మాల్‌ని అదే తొట్టిలో ముంచి జింకు ఊడదీసే అలవాటు ఆ దారిని కూడా మూసేస్తుంది.

‘చిక్కగా ఉంటే తొందరగా అవుతుంది’ అన్న మాట గురించి ఎక్కువ చెప్పను. పొలుసు తొందరగా పోతుంది, దాని వెంటనే కింది ఇనుమూ పోతుంది. ఇనుముని కాపాడే ఇన్‌హిబిటర్ కొన్ని గ్రాములు వేస్తే చాలావరకు ఆగుతుంది, చాలామంది వెయ్యరు. 10.9 గ్రేడు బోల్టుల లాంటి గట్టి ఉక్కులోకి యాసిడ్ పుట్టించిన హైడ్రోజన్ దూరి, బిగించిన తర్వాత ఒకరోజు పెళుసుగా విరగ్గొడుతుంది. స్టెయిన్‌లెస్‌ని ఇందులో ముంచనే కూడదు. శాతం ఎంతైనా క్లోరైడు దాన్ని సూదిపోట్లలా తొలిచేస్తుంది.

సరుకు ఎంచుకోవడంలో శాతం తర్వాత చూడవలసింది పుట్టుక. హైడ్రోజన్‌నీ క్లోరిన్‌నీ మండించి చేసిన యాసిడ్ ఒకటి, పురుగుమందులో క్లోరినేటెడ్ పారఫినో చేస్తుంటే పక్కన వచ్చిన యాసిడ్ ఒకటి. రెండోది చవక. అందులో నూనె వాసన వేసే సేంద్రియ పదార్థాలు మిగిలుంటే ఇనుము మీద పొరకట్టి పూత పట్టనివ్వవు. పసుపు రంగు చాలాసార్లు ఇనుముదే, పొలుసు ఊడదీసే పనికి అది పెద్ద లోపం కాదు. నీటిశుద్ధి రెజిన్లకు అదే యాసిడ్ వాడితే మాత్రం ఇనుము వాటిని పాడుచేస్తుంది. ఐఎస్ 265 ప్రమాణం ప్రకారం టెస్టు కాగితం అడగడానికి మొహమాటం ఎందుకో నాకర్థం కాదు. సిమెంటు బస్తాకి అడుగుతాం కదా.

నా వాదనకి అసలైన దెబ్బ వేరే వైపు నుంచి వస్తుంది. యూరప్ నిబంధనల్లో 25 శాతం దాటితే చర్మాన్ని కాల్చేది, 10 నుంచి 25 మధ్య చర్మానికీ కళ్లకీ మంట పుట్టించేది అని విభజన ఉంది. సరుకుని ఆ 25 గీత కిందికి దించితే మనుషులు ధీమాపడి కళ్లద్దాలు తీసేస్తారేమో? ఈ భయం నాకూ ఉంది. పొగ యాభై రెట్లు తగ్గింది గాని కంటిలో పడిన చుక్క ఆ లెక్కన తగ్గలేదు. 18 శాతం చుక్క కూడా చూపు తీసేయగలదు, కంటిని పదిహేను, ఇరవై నిమిషాలు ధారగా కడగవలసిందే. బ్లీచింగ్ పౌడరు తగిలితే పలుచటి యాసిడ్ నుంచి కూడా క్లోరిన్ వస్తుంది. ప్లేటింగ్ షాపుల్లో సయనైడు ద్రావణం చుక్క కలిస్తే వచ్చే వాయువుకి రెండో అవకాశం ఉండదు. అందుకే డ్రమ్ము మీద డైల్యూట్ అన్న మాట కొట్టేసి ‘18 శాతం’ అని, పోసిన తేదీతో రాయమంటున్నాను. మాటకి ధీమా పడతారు గాని, అంకె కనిపిస్తే పక్కవాడిని దాని అర్థం అడుగుతారు.

నిలవ సంగతికి వస్తే, డ్రమ్ము హెచ్‌డీపీఈదైతే చాలు, నీడలో ఉండాలి, మూతకి గాలి వదిలే రంధ్రం ఉండాలి, కరెంటు ప్యానెల్ ఉన్న గదిలో ఉండకూడదు. వీటికి ఒప్పుకోనివాళ్లు లేరు. అందరూ తప్పేది నేల దగ్గర. మనవైపు షెడ్లకు చవకగా దొరికేవి తాండూరు బండలు, కడప బండలు, బేతంచెర్ల బండలు. చూడటానికి గట్టివి, మెరిసేవి, కాని మూడూ సున్నపురాళ్లే. వాటిమీద యాసిడ్ చుక్క పడితే సోడాలా బుసబుసమని పొంగుతుంది, వారం తిరిగేసరికి బండ గరుకుగా తేలి గుంట పడుతుంది, యాసిడ్ సందుల్లోంచి భూమిలోకి దారి వెతుక్కుంటుంది. యాసిడ్ నిలవచోట గ్రానైటో యాసిడ్ తట్టుకునే టైలో పరచి, చుట్టూ అతిపెద్ద ట్యాంకుకి పదో వంతు అదనంగా పట్టేంత గట్టు కట్టాలి. ఆ గట్టులో వాననీరు పోయే పైపుకి వాల్వు పెట్టి, మూసే ఉంచాలి. ఒలికితే చల్లడానికి సున్నం బస్తా ఒకటి చేతికందేచోట ఉండాలి.

ఖాళీ డ్రమ్ముల దగ్గరికి వచ్చేసరికి ఈ జాగ్రత్తలన్నీ గేటు దాటిపోతాయి. నీళ్లకి కటకటలాడే ఊళ్లలో రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ముకి మంచి గిరాకీ. షెడ్డు నుంచి పాతసామాన్ల బండికి, అక్కడి నుంచి ఏదో ఇంటి పెరట్లోకి చేరుతుంది. మార్కరు రాత ఈలోపు ఎండకి వెలిసిపోతుంది. మూడుసార్లు కడిగి, అడుగున గడ్డపారతో కన్నం పొడిచి అమ్మితే ప్లాస్టిక్ బరువుకి డబ్బులు కాస్త తక్కువే వస్తాయి. ఆ డ్రమ్ములో ఎవరూ నీళ్లు పట్టలేరు.