రొయ్య నెత్తురు, రాగి నకలు

మన విమర్శలో ‘అనుకరణ’ అంటే తిట్టే. ఫలానా ఆయనది శ్రీశ్రీ అనుకరణ అన్నామంటే ఇక ఆ పుస్తకం తెరవక్కర్లేదని అర్థం. రసాయనశాస్త్రంలో మాత్రం అనుకరణే పనిగా పెట్టుకున్నవాళ్లున్నారు. ప్రోటీన్‌లో అసలు పని జరిగే చోట ఉన్న లోహాన్నీ, దాన్ని పట్టుకుని ఉన్న నాలుగైదు పరమాణువుల అమరికనీ ల్యాబ్‌లో తయారుచేస్తారు. మిగతా ప్రోటీన్ అంతా వదిలేస్తారు. దీన్ని ‘మోడల్’ అంటారు. ఏ మోడల్ మంచిది, ఏది ఉత్తిది అని తేల్చడానికి నెల్లూరు తీరపు రొయ్య కంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో రాత్రిళ్లు ఏరేటర్లు తిరిగేది నీళ్లలో ఆక్సిజన్ పడిపోకుండా. ఆ ఆక్సిజన్‌ని రొయ్య ఒంట్లో మోసేది మనలాగా ఇనుము కాదు, రాగి. హీమోసయనిన్ అనే ప్రోటీన్‌లో రెండు రాగి పరమాణువులు కలిసి ఒక ఆక్సిజన్ అణువుని పట్టుకుంటాయి. అప్పుడు నెత్తురు నీలంగా ఉంటుంది. పట్టిన రొయ్యకి ఐసు సరిగ్గా పడకపోతే తల నల్లబడి రేటు పోతుంది చూడండి, అది చేసే ఎంజైములో ఉన్నదీ ఇలాంటి రాగి జంటే.

ఇంతకీ ఆక్సిజన్ ఆ రెండు రాగుల మధ్య ఎలా కూర్చుంటుంది? 1988లో అమెరికాలో కార్లిన్ బృందం ఒక మోడల్ స్ఫటికాన్ని చూపించింది. అందులో ఆక్సిజన్‌ ఒక్కో కొస ఒక్కో రాగికి తగులుకుని ఉంది, రాగుల మధ్య దూరం 4.36 ఆంగ్‌స్ట్రామ్‌లు. అందమైన పనే, కానీ దాని స్పెక్ట్రం హీమోసయనిన్‌తో కలవలేదు. 1989లో జపాన్‌లో కితాజిమ బృందం ఇంకోటి చేసింది. ప్రోటీన్‌లో ఒక్కో రాగిని పట్టుకునే మూడు హిస్టిడీన్ల బదులు మూడు పైరజోల్ నైట్రోజన్లు పెట్టారు. ఇక్కడ ఆక్సిజన్ అడ్డంగా పడుకుంది. దాని రెండు పరమాణువులూ రెండు రాగుల్నీ తాకుతున్నాయి. దూరం 3.56. స్పెక్ట్రం కలిసింది. ఆక్సిజన్ పట్టుకున్న హీమోసయనిన్‌లో ఆ అమరికని అప్పటికింకా ఎవరూ చూడలేదు. 1994లో హార్స్‌షూ పీత హీమోసయనిన్ స్ఫటికంలో అచ్చం అదే భంగిమ బయటపడింది.

నాకు ఈ మోడల్ నచ్చేది పోలిక వల్ల కాదు, అది తప్పని తేలే అవకాశం ఉండి కూడా నిలబడినందుకు. కార్లిన్‌ది కలవకపోవడం కూడా దీనికి పనికొచ్చింది, ఏది కాదో తెలిసింది. ఈ కొలతతో చూస్తే నీరసం తెప్పించే పేపర్లు బోలెడు. ఒక రాగి కాంప్లెక్సు చేస్తారు, తేలిగ్గా ఆక్సీకరణ చెందే డైటెర్షియరీ బ్యూటైల్ కెటకాల్‌ని కలుపుతారు, 400 నానోమీటర్ల దగ్గర రంగు పెరుగుతుంది, ‘కెటకాల్ ఆక్సిడేజ్ మోడల్’ అని శీర్షిక పెట్టేస్తారు. మా టెస్టింగ్‌లో ఎప్పుడూ పాసయ్యే మాక్ రాయడం లాంటిదిది.

కితాజిమది కూడా చల్లగా ఉంచితేనే నిలుస్తుంది. రొయ్య మాత్రం గుంటలోని వెచ్చటి నీళ్లలో ఆక్సిజన్‌ని ఎక్కించుకుంటూ దింపుకుంటూ ఉంటుంది. ఆ తేడా అంతా మోడల్ వదిలేసిన ప్రోటీన్‌ది. ఒకచోట అది రాగి జంట దగ్గరికి ఆక్సిజన్‌ని తప్ప మరోదాన్ని రానివ్వదు. ఇంకోచోట ఫినాల్‌కి దారిస్తుంది, రొయ్య తల నల్లబడుతుంది.