లడ్డూ పట్టుకున్న భీమ్

హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ తీసిన ఛోటా భీమ్ 2008లో పోగో చానెల్లో మొదలయ్యాడు. పుట్టినరోజు కేకు మీదికి ఎప్పుడెక్కాడో గానీ, ఇంకా దిగలేదు. తెర మీద గీతల్లో గంతులేసేవాణ్ణి చక్కెర ముద్దతో నిలబెట్టే ఇంటి బేకర్ల ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది. ఫాండెంట్ అనే ఆ చక్కెర ముద్దను చపాతీ పిండిలా పిసుకుతూ, చేతికి అంటకుండా కార్న్‌ఫ్లోర్ అద్దుతూ, జెల్ రంగును టూత్‌పిక్ మొనతో కొద్దికొద్దిగా కలుపుతారు. రంగు నిలవున్నకొద్దీ ముదురుతుంది, అందుకే ధోవతికి నారింజ రంగు కాస్త లేతగా ఉండగానే చెయ్యి ఆపాలి. బొమ్మ గట్టిగా ఆరడానికి సీఎంసీ పొడి కలిపి, ముందురోజుల్లోనే చేసి పెట్టుకుంటారు. తల బరువెక్కువ, మెడలోంచి సన్నటి పుల్ల దిగాల్సిందే. (కేకు ఇచ్చేటప్పుడు ఆ పుల్ల సంగతి తల్లికి చెప్పి మరీ ఇస్తారు.) అసలు కష్టమంతా మొహం దగ్గరే. కనుపాప ఆవగింజంత పక్కకి జరిగిందా, భీమ్ కాస్తా ఎవరో పక్కింటి కుర్రాడైపోతాడు. ఐదేళ్ల పిల్లాడు ఇట్టే పట్టేస్తాడు. కోస్తా ఉక్కలో ఫాండెంట్‌కు చెమట పడుతుంది. తడి క్రీము తగిలినా కరుగుతుంది కాబట్టి కింద చాక్లెట్ గనాష్ పూస్తారు. ఇంతా చేసి, గతుకుల రోడ్డు మీద ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాలి! పిల్లాడు మాత్రం ముందు భీమ్ చేతిలోని లడ్డూ పీకి నోట్లో వేసుకుంటాడు. పక్కనున్న భీమ్ నేస్తం చుట్కీ బొమ్మ ఎవరికన్న తగువు ఆ తర్వాత మొదలవుతుంది.