పాఠం ఎవరిని నిలదీస్తుంది? పౌర విద్యపై ఒక విమర్శ

ప్రస్తావన

పౌర సమాజం అంటే ఏమిటో మీరు ఇంతకుముందు చదివే ఉంటారు. రాజ్యానికీ, మార్కెట్టుకూ, కుటుంబానికీ వెలుపల ప్రజలు తమంతట తాము ఏర్పరచుకొనే సంఘాలు, ఉద్యమాలు, వేదికలు అన్నీ దాని కిందికి వస్తాయి. ఆ నిర్వచనాలను ఇక్కడ తిరిగి చెప్పడం లేదు. ప్రజాస్వామ్యం గురించీ, అవినీతి గురించీ పౌర సమాజం ప్రజలకు నేర్పిన రెండు పాఠాలను తీసుకొని, సాహిత్య విద్యార్థి కథను చదివినట్టు చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. మొదటిది నెల్లూరు జిల్లా వయోజన విద్యా వాచకాల్లో అచ్చయిన పాఠం. రెండోది మస్టర్ రోలు, అంటే పనికి వచ్చిన కూలీల హాజరు పట్టీ. దాన్ని పాఠమని ఎవరూ అనరు. ఎందుకు అనాలో తరువాత చూద్దాం.

ముందుగా మనకు బాగా అలవాటైన రకాన్ని గమనించండి. ఏటా అక్టోబరు 31 వచ్చే వారంలో ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు, కళాశాలలు విజిలెన్స్ అవగాహన వారం జరుపుతాయి. ప్రతిజ్ఞ, ర్యాలీ, వ్యాసరచన పోటీ ఉంటాయి. అలాంటి పోటీలకు నేను చాలాసార్లు న్యాయనిర్ణేతగా వెళ్ళాను. బహుమతి పొందిన వ్యాసాలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉండేవి. అవినీతి ఒక చీడ, ఒక క్యాన్సర్, ఒక మహమ్మారి. చీడకు ముఖం ఉండదు, ఆఫీసు ఉండదు, హోదా ఉండదు. రాసిన పిల్లల తప్పు కాదు ఇది. వాళ్ళకు మనం నేర్పిన భాషే అది.

ఆ భాషను కొంచెం దగ్గరగా చూడండి. మన పౌరశాస్త్ర పాఠాలలో ‘నిధులు కేటాయించబడతాయి’, ‘పనులు చేపట్టబడతాయి’, ‘లబ్ధిదారులు ఎంపిక చేయబడతారు’ వంటి వాక్యాలు కొల్లలు. తెలుగువాడు ఇంట్లో ‘అన్నం వండబడింది’ అనడు. వండినవాళ్ళెవరో తెలిసిన చోట ఈ ‘బడు’తో మనకు పనిలేదు. పాఠంలోకి వచ్చేసరికి మాత్రం కేటాయించేదెవరో, ఎంపిక చేసేదెవరో మాయమైపోతారు. కర్త లేని వాక్యాన్ని ఎవరూ నిలదీయలేరు. అదే పాఠంలో పౌరుడి వంతు వచ్చేసరికి కర్త స్పష్టంగా ప్రత్యక్షమవుతాడు: పౌరులు పన్నులు చెల్లించాలి, పౌరులు ఓటు వేయాలి, పౌరులు నిజాయతీగా మెలగాలి. అడగాలి అనే క్రియ అరుదు.

ఇక ఊళ్ళో వాడుక చూడండి. లంచానికి మనం పెట్టుకున్న పేరు ‘మామూలు’. ఎప్పుడూ జరిగేదే, ఆశ్చర్యపడనక్కర్లేనిది అని ఆ మాటలోనే ఉంది. లంచం తప్పని తెలియక ఎవరూ మామూలు ఇవ్వడం లేదు. తప్పని తెలిసినవాళ్ళకే మళ్ళీ తప్పని చెప్పి, దానికి అవగాహన అని పేరు పెట్టుకోవడంలో ఎంత అర్థం ఉందో ఆలోచించండి.

వాచకంలోని పాఠం

1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. 1990లో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటన పొందింది. ఆ ఊపులో ఉద్యమాన్ని చేపట్టిన జిల్లాలలో నెల్లూరు ఒకటి. జిల్లా యంత్రాంగంతో పాటు జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు, పల్లెల్లోని వేలాది యువతీయువకులు ఇందులో పాల్గొన్నారు. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. రాత్రి బడులు నడిచాయి. వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ.

ఆ బడుల్లో చదివిన పాఠాలలో ఒకటి ‘సీతమ్మ కథ’. ఒక పేద స్త్రీ ఊళ్ళోని ఆడవాళ్ళను కూడగట్టి సారా దుకాణం మూయించిన కథ అది. కలిగిరి ప్రాంతంలోని దూబగుంట గ్రామంలో ఆడవాళ్ళు కథలో జరిగినదాన్ని తమ ఊళ్ళో నిజంగా చేసి చూపించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. తరువాత వచ్చిన వాచకంలో దూబగుంట సంగతే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠమైంది. మొదటి పాఠాన్ని చదివినవాళ్ళే రెండో పాఠంలో పాత్రలయ్యారు. ఇలా జరిగిన పాఠ్యపుస్తకం నాకు తెలిసి మరొకటి లేదు.

శీర్షికను గమనించండి. ‘ఏకమైతే’ అన్నదగ్గర వాక్యం ఆగిపోయింది. ఏకమైతే ఏమవుతుందో శీర్షిక చెప్పలేదు. మిగతా సగం పూర్తిచేసే పని చదివేవాళ్ళకు వదిలింది. ‘ఏకం కావాలి’ అని ఉంటే అది మరో నీతిపాఠం అయి ఉండేది. అంతకంటె ముఖ్యమైన సంగతి, ఈ పాఠంలో సమస్యకు ఒక చిరునామా ఉంది. మద్యపానం అనే మహమ్మారి కాదు, ఊరి చివర ఉన్న సారా దుకాణం. నడిచి వెళ్ళి తలుపు తట్టగలిగినంత దూరంలో ఉంది.

వాచకం అచ్చువేసింది ప్రభుత్వమే. సారా హక్కులను ఏటా వేలం వేసి కాంట్రాక్టర్లకు అప్పజెప్పిందీ ప్రభుత్వమే. సారా మీద వచ్చే ఆదాయం ఖజానాకు పెద్ద ఆధారం. ఒకే చేయి పలక ఇచ్చింది, ఒకే చేయి సారా పోసింది. 1992 నాటికి ఆడవాళ్ళు దుకాణాల దగ్గర ఆగలేదు. నెల్లూరులో వేలంపాట జరిగే చోటికే వెళ్ళి అడ్డుకున్నారు. వేలం పదేపదే వాయిదా పడింది. ‘ఈనాడు’ దినపత్రిక ఉద్యమ వార్తలకు రోజూ చోటు కేటాయించింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో దాన్ని సడలించారు. మరి ఆ పాఠం ఏమైంది? ఉద్యమం పెరిగాక దాన్ని వాచకం నుంచి తొలగించారు. ఒక పాఠం పనిచేసిందనడానికి ఇంతకంటె మంచి ప్రమాణపత్రం ఉండదు.

అయితే ఈ కథను మనం మురిసిపోతూ చెప్పుకొనే తీరులో రెండు లోపాలున్నాయి. అక్షరం వచ్చింది, దానితో చైతన్యం వచ్చింది, ఆపై ఉద్యమం వచ్చింది అంటారు. కూలి డబ్బు ఇంటికి చేరకుండా ఎక్కడ ఆగిపోతున్నదో తెలుసుకోవడానికి ఆ ఆడవాళ్ళకు అక్షరమాల అవసరం లేదు. రాత్రి బడి వాళ్ళకు ఇచ్చింది కలిసి కూర్చొనే చోటు, ఎవరూ వేలెత్తి చూపని ఒక సాకు. సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లో రాసిన వ్యాసంలో, ఈ ఉద్యమాన్ని ఎవరికి వారు తమ కథగా చెప్పుకున్న తీరును ప్రశ్నించారు. ఆ హెచ్చరిక మనలాంటి చదువు చెప్పేవాళ్ళకు మరీ అవసరం. రెండో లోపం పాఠానిదే. అది దుకాణాన్ని చూపించింది గాని, దుకాణం వెనుక ఉన్న వేలాన్నీ, కాంట్రాక్టరునూ, మామూళ్ళనూ చూపించలేదు. ఆ దారి ఆడవాళ్ళు స్వయంగా కనుక్కున్నారు. పాఠం ఆగినచోట పాఠకులు ఆగలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం వయోజనుల కోసం ఒక పుస్తకం తయారుచేసే సంఘంలో నేను సభ్యుణ్ణి. పంచాయతీ మీద పాఠం రాశాను. ఏ రిజిస్టరులో ఏముంటుంది, దాన్ని చూపించమని ఎవరిని అడగాలి అని ఒక పేరా పెట్టాను. ‘ఇది చదివి అందరూ ఆఫీసు మీద పడితే?’ అన్నారు ఒకరు. పేరా పోయింది. దాని చోట బాధ్యతగల పౌరుడిగా మెలగడం గురించి రెండు వాక్యాలు వచ్చాయి. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ ప్రూఫు మీద సంతకం నాదే.

చదివి వినిపించిన పాఠం

నేను తీసేయడానికి ఒప్పుకున్న ఆ పేరాను, దాదాపు అదే కాలంలో, రాజస్థాన్ పల్లెల్లో వేరేవాళ్ళు నడిరోడ్డు మీద పెట్టారు. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కరవు పనుల్లో కనీస వేతనం కోసం మొదలైన సంఘం. చేసిన పనికి కూలి ఎందుకు తక్కువ వస్తున్నదని అడిగితే, కాగితాల్లో అలాగే ఉందన్నారు. ఆ కాగితాలు చూపించండి అన్నారు కూలీలు. 1994 డిసెంబరులో కోట్ కిరానాలో మొదటి జన సున్‌వాయీ, అంటే బహిరంగ విచారణ, జరిగింది. మస్టర్ రోళ్ళను, బిల్లులను జనం ముందు చదివారు. ఆ పేరు గలవాళ్ళూ, ఆ పని చేశారో లేదో చూసినవాళ్ళూ ఎదురుగా కూర్చొని విన్నారు. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా జరిగింది. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టానికి వెనుక ఉన్న ముఖ్యమైన దారుల్లో ఇది ఒకటి.

ఇప్పుడు మస్టర్ రోలును పాఠంగా చదవండి. పేరు, ఊరు, పనిచేసిన రోజులు, కూలి, వేలిముద్ర లేదా సంతకం. విశేషణం ఒక్కటి లేదు, ఉపదేశం లేదు. ఇంత నిస్సారమైన రచన ఉండదు, గదిలో కూర్చొని చదివితే. నలుగురిలో పైకి చదివితే అదే రచన మారిపోతుంది. చనిపోయినవాడి పేరు వినిపిస్తుంది. వలసపోయినవాడి సంతకం కనిపిస్తుంది. తవ్వని చెరువుకు కొలతలుంటాయి. వినేవాళ్ళకు చదువు రాకపోయినా ఫరవాలేదు, తమ ఊరు తెలిస్తే చాలు. ఈ ఒక్క పాఠానికి మాత్రం గురువు కంటె విద్యార్థికే ఎక్కువ తెలుసు.

ఈ పద్ధతి మన దగ్గరికి ఉపాధి హామీతో వచ్చింది. 2005 నాటి ఆ చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. పథకం దేశంలో మొదలైనది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తనిఖీలు ఆరంభమయ్యాయి. 2009లో వాటికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. కూలీల కుటుంబాల్లో చదువుకున్న యువతకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, రికార్డుతో మనుషుల మాటను సరిపోల్చి, చివరకు మండలంలో అధికారుల సమక్షాన బహిరంగ వేదిక మీద చదివించడం దాని పద్ధతి.

ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతికి వచ్చే విద్యార్థిని ఒకామె అలాంటి తనిఖీలో పనిచేశానని చెప్పింది. పక్క ఊరి మస్టరు ఆమె చదవాల్సి వచ్చింది. చదువుతూ ఉంటే ఆమె మేనమామ పేరు వచ్చింది. ఆ నెల ఆయన హైదరాబాదులో ఇళ్ళ కట్టుబడి పనిలో ఉన్నాడు. జాబ్ కార్డు మేటు చేతికిచ్చి, వచ్చిన కూలిలో వాటా తీసుకున్నాడు. ‘పేజీ తిప్పేద్దామనుకున్నా సార్. ముందు వరసలో ఉన్న ముసలామె, ఆగావేందమ్మా, చదువు అంది’ అని చెప్పింది. చదివింది. ఆ తరువాత మేనమామ పండక్కి కూడా వాళ్ళింటికి రాలేదట. అవినీతి అంటే ఎక్కడో పైవాళ్ళు చేసేదని నమ్మే మన వ్యాసాలకు ఈ సంగతి మింగుడుపడదు. వ్యాసరచన పోటీలో ఎవరూ తన మేనమామను తలచుకోనక్కర్లేదు.

ఈ పద్ధతినీ విమర్శ లేకుండా వదలకూడదు. రాజస్థాన్‌లో ఇది ప్రభుత్వాన్ని ఎదిరించి వచ్చింది. ఇక్కడ ప్రభుత్వమే పిలిచి, నిధులిచ్చి నడిపింది. దీన్ని పౌర సమాజం అనవచ్చునా? నా అభిప్రాయంలో చదివే గొంతు స్వతంత్రంగా ఉన్నంతవరకు అనవచ్చు. కాని తేలిన తప్పుకు శిక్ష వేయవలసింది మళ్ళీ శాఖవాళ్ళే. చదవడం జనం చేతికి వచ్చింది, తీర్పు రాలేదు. ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను పరిశీలించారు. కూలికి సంబంధించిన అక్రమాల్లో పోయే సొమ్ము కొంత తగ్గింది గాని, సామగ్రికి సంబంధించిన అక్రమాల సంఖ్య పెరిగిందని వాళ్ళు చూపారు. పోయిన సొమ్ములో తిరిగి రాబట్టింది చాలా కొంచెం, కఠినమైన చర్యలు మరీ అరుదు.

సామగ్రి వైపు మళ్ళడానికి కారణం ఊహించడం కష్టం కాదు. ఎవరు పనికి వచ్చారో ఊరికి తెలుసు. కంకర ఎన్ని లోడ్లు దిగింది, సిమెంటు పాళ్ళు ఎంత, బిల్లులో ధర సరైనదేనా అన్నది ఊరికి అంత సులభంగా తెలియదు. జనం చదవగలిగిన కాగితంలోంచి దొంగతనం జనం చదవలేని కాగితంలోకి జరిగింది. కాబట్టి పౌర విద్యలో తరువాతి పాఠం ప్రతిజ్ఞ కాదు, సామగ్రి బిల్లు. కొలతల పుస్తకాన్ని చదవడం ఎలాగో ఊరికి నేర్పే వాచకం ఇంకా మనం రాయవలసే ఉంది.

అసైన్‌మెంటు

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న సాంఘికశాస్త్ర పుస్తకం తీసుకోండి. స్థానిక ప్రభుత్వం గురించిన పాఠంలో కర్త లేని అయిదు వాక్యాలు గుర్తించి, మీ ఊరిని బట్టి కర్తను చేర్చి తిరిగి రాయండి. ‘సర్పంచి’, ‘పంచాయతీ కార్యదర్శి’, ‘సహాయక ఇంజనీరు’ అని హోదాలు రాస్తే చాలు, పేర్లు అక్కర్లేదు. ఆ అయిదు వాక్యాలను మీ పంచాయతీ కార్యాలయంలో ఎవరికైనా చదివి వినిపించి, విన్నవారు ఏమన్నారో ఒక పుటకు మించకుండా రాసి పంపండి.