ప్రయాస లేని మోత

స్టేజీ మీద బేస్ గిటార్ వాయించేవారి వెనక నాలుగడుగుల ఎత్తున నిలబడే నల్లటి పెట్టెను వాద్యకారులు ముద్దుగా ‘ఫ్రిజ్’ అంటారు. యాంపెగ్ కంపెనీ వారి ఎయిట్-బై-టెన్ క్యాబినెట్ అది. పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది, జంటలు జంటలుగా నాలుగు వరసల్లో ఉంటాయి. కంటికి అది మూర్తీభవించిన ఓజస్సు. చెవికి మాత్రం మన ఆలంకారికులు ప్రసాదం అన్న గుణమే ముందు అందుతుంది. అంత మోతలోనూ గొంతు చించుకోవడం ఎక్కడా వినపడదు. ‘అబ్బ, ఎంత గట్టిగా మోగుతోంది’ అన్నది ఆ పెట్టెకు సగం మెచ్చుకోలే. అంత గట్టిగానూ ఎంత సులువుగా మోగుతోందో చూడమంటాను నేను.

ఆ సులువంతా గాలిని కదిపే తీరులో ఉంది. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావైన ‘ఈ’ తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. మామూలు గిటార్ లావు తీగ 82 దగ్గర, అంటే ఒక స్థాయి పైన పలుకుతుంది. అక్కణ్ణుంచి ఒక్క స్థాయి కిందికి దిగి అంతే బలంగా మోగాలంటే స్పీకర్ కోన్ నాలుగు రెట్ల దూరం ఊగాలి. మంద్రానికి కట్టాల్సిన సుంకం అది. పైగా మన చెవికి కింది స్వరాలంటే కాస్త బద్ధకం. 1933లో ఫ్లెచర్, మన్సన్ గీసి చూపించిన రేఖల్లో ఆ బద్ధకం స్పష్టంగా కనిపిస్తుంది. మధ్య స్వరం ఇట్టే వినపడే చోట మంద్రస్వరాన్ని ఎన్నో రెట్ల బలంతో పంపితే తప్ప చెవి పట్టించుకోదు.

పదిహేను అంగుళాల స్పీకర్ చూపుకు భారీగా ఉంటుంది. వైశాల్యం లెక్కవేస్తే ఎనిమిది పదులు కలిసి అలాంటివి మూడున్నరకు సమానం. ఎనిమిది మంది బోయీలు ఎత్తిన పల్లకీ కుదుపు లేకుండా సాగినట్టు, ఒక్కో కోన్ రవ్వంత కదిలితే చాలు, స్వరం తొణకకుండా సాగిపోతుంది. అదే మోత రెండు పదులున్న పెట్టెలోంచి రావాలంటే ఒక్కో కోన్ నాలుగు రెట్ల దూరం ఊగాలి, యాంప్ కూడా 300 వాట్ల చోట 1200 పొయ్యాలి. వాట్లకేం, ఇవాళ చంకలో పెట్టుకుపోయే యాంప్‌లోనూ దొరుకుతాయి. కోన్ ఊగడానికి మాత్రం ఒక హద్దుంది. ఆ హద్దు దగ్గరపడేకొద్దీ మీటు మొద్దుబారుతుంది, స్వరంలో ఒండు తేలుతుంది, ఇంకా తోస్తే ఫట్‌మంటుంది. ఎన్ని డెసిబెళ్ళు తగ్గాయో వినేవాడికి తెలియదు గానీ, ఆ ఆయాసం మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

పెట్టెలో బంధించిన గాలికీ ఈ వాయిద్యంలో వాటా ఉంది. మూసిన పెట్టెలో గాలి స్ప్రింగులా కోన్‌ను వెనక్కి నెడుతుంది. పెట్టె చిన్నదైతే స్ప్రింగు బిరుసెక్కుతుంది, కింది స్వరాలు తొందరగా రాలిపోతాయి. అమెరికాలో కేఎల్‌హెచ్ స్పీకర్ల కంపెనీ పేరులోని ‘హెచ్’ అయిన జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్ పేరిట దీనికొక ఉక్కు నియమం ఉంది. చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ శక్తితో ఎక్కువ మోత. ఈ మూడింట్లో రెండే దక్కుతాయి, మూడోది వదులుకోవాలి. (ఈయన తండ్రి మహా పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్. స్వరం విలువ ఎరిగిన ఇంటి నుంచే ఈ బేరం లెక్క రావడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.)

మరి ఫ్రిజ్ దేన్ని వదులుకుంది? ఇంత పెద్ద పెట్టె కదా, మంద్రాన్ని వదులుకుని ఉండదని అనుకుంటాం. 48 అంగుళాల ఎత్తు, 26 వెడల్పు, 16 లోతు. ఇందులో ఎనిమిది స్పీకర్లు సర్దాలి. బయటి కొలతలతో పంచినా ఒక్కోదానికి వచ్చేది 40 లీటర్ల చిల్లర. పైగా లోపల గాలి చొరబడని నాలుగు గదులు, గదికి రెండేసి స్పీకర్లు. చూపుకు సౌధం, లోపల ఇరుకు కాపురం. కంపెనీ ప్రకటించిన లెక్క ప్రకారమే 58 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెళ్ళు, 40 దగ్గర 10 డెసిబెళ్ళు పడిపోతాయి. అంటే ‘ఈ’ తీగ మూలస్వరమైన 41ని ఈ మహాకాయం గొణిగి ఊరుకుంటుంది. అది నిండుగా పలికేది 82, 123, 164 లాంటి పై కంపనాలను. ఆ వరస వినగానే చెవి వాటి మూలాన్ని తనంతట తానే పోల్చుకుంటుంది.

ఇక్కడే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కావ్యానికి ప్రాణం చెప్పిన మాటలో కాక స్ఫురించే అర్థంలో ఉందని ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలో తేల్చాడు. ఈ పెట్టె మంద్రాన్ని వాచ్యం చెయ్యదు, వ్యంగ్యంగా వదులుతుంది. మనం ‘అబ్బ ఏం లోతు’ అనుకునే ఆ లోతులో సగం మన చెవి కట్టిన కట్టడమే. మూలస్వరాన్నే స్టేజీ నిండా కుమ్మరిస్తే గదంతా హోరెత్తి, డ్రమ్ముల్లో కిక్ ఏదో బేస్ ఏదో తెలియకుండా పోతుంది. ఫ్రిజ్ కుమ్మరించదు కాబట్టే ప్రతి మీటుకీ ఒక అంచు ఉంటుంది.

దీని పుట్టుక కూడా మోత అవసరం నుంచే. 1969లో బిల్ హ్యూస్, రోజర్ కాక్స్ రూపొందించిన ఎస్‌వీటీ యాంప్‌కు జోడీగా వచ్చింది. 14 వాల్వులు, 300 వాట్లు. ఒక్క పెట్టె అంత శక్తిని భరించలేదని తొలినాళ్ళలో యాంప్‌కు రెండేసి పెట్టెలు జతచేసేవారు. హాళ్ళలో పీఏ (శ్రోతలకు వినిపించే స్పీకర్ల ఏర్పాటు) అంటే ఎక్కువగా గొంతులకే అనుకునే రోజులవి. వాయిద్యాల మోత చాలావరకు స్టేజీ నుంచే పోవాలి. ఆ ఏడు అమెరికా యాత్రలో రోలింగ్ స్టోన్స్ బేస్‌కే కాదు, గిటార్లకూ వీటినే వాడారు. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆ నవంబరులో వాళ్ళు మోగించిన మోత చాలావరకు ‘గెట్ యర్ యా-యాస్ ఔట్’ రికార్డులో దొరుకుతుంది. అందులో బిల్ వైమన్ బేస్ ఎక్కడా ముందుకు దూకదు. పాట దాని మీద కూర్చుని ఉంటుంది.

స్టేజీ మీద ఈ పెట్టె ఎత్తు కూడా ఒక సుగుణమే. మంద్ర తరంగం పూర్తిగా విచ్చుకోవడానికి ఎనిమిది మీటర్లు కావాలనీ, అందుకే వాయించేవాడికి తన బేస్ వినపడదనీ వాద్యకారుల్లో ఒక నమ్మకం ఉంది. అదే నిజమైతే హెడ్‌ఫోన్‌లో బేస్ వినపడకూడదు. అసలు కారణం అంతకన్నా మామూలుది. చిన్న పెట్టె పిక్కల ఎత్తున ఉంటుంది, స్వరానికి స్పష్టతనిచ్చే మధ్య కంపనాలు మోకాళ్ళ మీదుగా వెళ్ళిపోతాయి. వాయించేవాడు తనకు వినపడలేదని ఇంకా పెంచుతాడు, ముందు వరస శ్రోతలు చెవులు మూసుకుంటారు. ఫ్రిజ్ పై వరస స్పీకర్లు అతని చెవికి చాలా దగ్గరగా పలుకుతాయి కనుక పెంచాలనే అనిపించదు. పెద్ద పెట్టె ఉన్న స్టేజీ ఒక్కోసారి తక్కువ మోతతో నడవడం ఇందుకే.

దోషం లేదా అంటే ఉంది. 63 కిలోల బరువు సంగతి సరే, అది మోసేవాళ్ళ గోడు. స్పీకర్లు పక్కపక్కన జంటగా ఉండటం వల్ల పై కంపనాలు అడ్డంగా విస్తరించవు, ఎదురుగా ఒక పాయలా సాగుతాయి. నాలుగడుగులు పక్కకు జరిగి డ్రమ్మర్ దగ్గర నిలబడితే వేలి గీరు, తీగ మెరుపు తగ్గి మంద్రమే మిగులుతుంది. రెండు స్పీకర్ల చిన్న పెట్టెలు రెండు తెచ్చి, స్పీకర్లన్నీ ఒకే నిలువు వరసలో పడేలా పేరిస్తే ఆ మెరుపు పక్కలకూ పాకుతుంది. నాలుగు వందల మంది పట్టే హాలుకు ఆ నాలుగు పదులే ధారాళంగా సరిపోతాయి, అక్కడ నేనైతే వాటికే ఓటేస్తాను.